గెడ్డ, డొంక, పొలం: విశాఖ చుట్టుపక్కల ఊళ్లు పంటభూమినీ జంతువుల దారినీ కాపాడుకునే పద్ధతి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి మండలాల్లో ఏ ఊరి పొలిమేరకు వెళ్లినా లేఔటు రాళ్లు కనిపిస్తున్నాయి. నిన్నటిదాకా వంగ, బెండ, బంతి పండిన చేలో ఈరోజు గ్రావెల్ రోడ్డు పడుతోంది. పక్కనే సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. దానికి ఒకవైపు జాతీయ రహదారి, మధురవాడ ఇళ్లు. మరోవైపు సింహాచలం కొండలు. చిరుత, నక్క, అడవిపిల్లి, ముళ్లపంది, అలుగు (ఒంటినిండా పొలుసులున్న జంతువు) అడవి హద్దు రాయి చూసి వెనక్కి తిరగవు. గెడ్డ (వాగు) పట్టుకుని, జీడితోటల్లోంచి, సరుగుడు తోపుల్లోంచి ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోతాయి. ఆ దారి తెగడానికి పెద్ద ప్రాజెక్టే రానక్కర్లేదు. రెండెకరాల లేఔటుకు గెడ్డకు అడ్డంగా ప్రహరీ లేస్తే చాలు.

ఇక్కడ రాసింది ఒక పంచాయతీలో ఐదారుగురు కలిసి ఏడాదిలో చేయగల పని. దీనికంతటికీ ఆయువుపట్టు సర్వే నంబరు. "మా ఊరి పచ్చదనం కాపాడండి" అన్న అర్జీ ఫైల్లోనే ఉండిపోతుంది. "ఫలానా సర్వే నంబరులోని గెడ్డ పోరంబోకు, దానికి రెండు వైపులా ఫలానా నంబర్లు" అని రాసిన అర్జీకి అధికారి జవాబు చెప్పి తీరాలి.

పటం మీ చేతిలో ఉండాలి

గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (యజమానుల ఖాతా రికార్డు), ఆర్‌ఎస్‌ఆర్ (ప్రతి నంబరు వర్గీకరణ చెప్పే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) అనే ఐదు కాగితాలు సేకరించండి. మొదటి నాలుగింటిలో చాలావరకు మీభూమి పోర్టల్లో దొరుకుతాయి. ఆర్‌ఎస్‌ఆర్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులో ఒక నంబరు, కొత్త రికార్డులో ఇంకో నంబరు ఉండటంతో చాలా అభ్యంతరాలు "నంబరు సరిపోలలేదు" అన్న మాటతో తిరిగొస్తున్నాయి. అందుకే ఒక పుస్తకంలో పాత నంబరు, కొత్త నంబరు, విస్తీర్ణం, వర్గీకరణ, ఇప్పుడున్న పంట అని ఐదు గడులు గీసి ఊరంతా రాసుకోండి. గ్రామ సచివాలయం సర్వేయరు సాయపడితే నాలుగైదు రోజుల్లో అయిపోతుంది.

పట్టా భూముల జోలికి పోకముందే ప్రభుత్వ, ఉమ్మడి భూములు గుర్తించండి. గెడ్డ, డొంక (బండ్లు, పశువులు నడిచే దారి), చెరువు, గయాలు (ఎవరి పట్టా లేని బంజరు), కళ్లాలు, శ్మశానం లాంటివి ఆర్‌ఎస్‌ఆర్‌లో ఏ పేరుతో నమోదయ్యాయో చూడండి. వీటిని కాపాడటానికి ఎవరి సమ్మతీ అడగక్కర్లేదు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ నంబర్లు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్నాయో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో సరిచూసి, లేనివాటిని చేర్చమని తహసీల్దారుకు రాయండి. ఈ ఒక్క పనితోనే జంతువుల దారిలో సగానికి రక్షణ దొరికిన ఊళ్లు ఉంటాయి, ఎందుకంటే జంతువులు ఎక్కువగా నడిచేది గెడ్డల్లోనూ డొంకల్లోనే.

చెరువు నీరు ఎక్కడిదాకా వస్తుందో కొలవడం

చెరువు శిఖం (నీరు నిలిచే నేల) మీద లేఔటు వేసేవాళ్లు ఎండాకాలంలో ఎండిన అంచు చూపించి "చెరువు అక్కడిదాకే" అంటారు. పూర్తి నీటిమట్టం అంటే అలుగు అంచు మట్టం. (మన భాషలో చెరువు మీద నీరు పొర్లే కట్టడమూ అలుగే, ఒంటినిండా పొలుసులున్న జంతువూ అలుగే. అర్జీలో ఏది చెబుతున్నారో స్పష్టంగా రాయండి.) ఆ మట్టాన్ని జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అధికారికంగా గుర్తించాలి. ఈలోగా మీరే గుర్తు పెట్టుకోవచ్చు.

తాపీ మేస్త్రీలు వాడే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం 20 మీటర్లు తీసుకుని, రంగు కలిపిన నీళ్లు నింపండి. ఒక కొస అలుగు అంచు దగ్గర ఒకరు పట్టుకోవాలి, రెండో కొస చెరువు అంచున ఇంకొకరు పట్టుకోవాలి. గొట్టంలో రెండు వైపులా నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. మొదటి కొసలోని నీరు అలుగు అంచుతో సమానమైనప్పుడు, రెండో కొసలోని నీటిమట్టం ఎక్కడ నేలను తాకుతుందో అక్కడ గుంజ పాతండి. ఆ గుంజ నుంచి మళ్లీ 15 మీటర్లు ముందుకు. ఇలా చెరువు చుట్టూ వెళ్లి తిరిగి అలుగు దగ్గరకే చేరాలి. చివరి గుంజ మట్టం అలుగు మట్టంతో కలవకపోతే ఎక్కడో తప్పింది. తప్పు దాదాపు ఎప్పుడూ గొట్టంలో చిక్కిన గాలిబుడగదే. వందకు ఒకటి వాలున్న నేల మీద మట్టంలో 5 సెంటీమీటర్ల తేడా వస్తే గుంజ 5 మీటర్లు పక్కకు పోతుంది. గొట్టం నింపేటప్పుడు ఒక కొస బిందెలో ముంచి నీళ్లు పీల్చి వదిలితే బుడగలు పోతాయి.

ఈ గీత ఎందుకంత ముఖ్యమంటే, 2017 భవన నిర్మాణ నిబంధనలు దీన్నుంచే దూరం లెక్కిస్తాయి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న గెడ్డకు, కాలువకు 9 మీటర్లు. అంతకన్నా ఇరుకైనదానికి 2 మీటర్లే. అర్జీ రాసే ముందు తర్వాతి సవరణలు ఏమైనా వచ్చాయేమో సచివాలయంలో అడిగి తెలుసుకోండి. ఆ 2 మీటర్లు నీటికి సరిపోతాయేమో గాని జంతువుకు సరిపోవు. చిన్న గెడ్డకు కూడా రెండు వైపులా కనీసం 15 మీటర్ల చెట్ల పట్టీ ఉండాలని మా అభిప్రాయం. దానికి చట్టబలం నిబంధనతో రాదు, కింద చెప్పే తీర్మానాలతో, రైతుల ఒప్పందాలతోనే వస్తుంది.

ఇంకో మాట. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటికీ తాగునీటికీ మనుషులు తవ్విన చెరువులకు వర్తించవు. ఈ సంగతి తెలియక ఆ నిబంధనల కింద అర్జీ పెట్టి నెలలు పోగొట్టుకోవద్దు. ఊరి చెరువుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం, రెవెన్యూ రికార్డు, భవన నిబంధనలే ఆధారం.

జంతువు నడిచిందని రుజువు

"మా తాతల కాలం నుంచి చూస్తున్నాం" అన్న మాట నిజమే కావచ్చు, కానీ కాగితం మీద నిలవదు. తేదీ, స్థలం, ఫొటో ఉండాలి. డొంక మీద, గెడ్డ దాటే చోట, తోట గట్టు తెగిన చోట జల్లెడ పట్టిన ఇసుక పరవండి. మీటరు వెడల్పు, దారి ఎంత ఉంటే అంత పొడవు, రెండు సెంటీమీటర్ల మందం. సాయంత్రం మేకలు ఇళ్లకు చేరాక చీపురుతో సమంగా చదును చేసి, తెల్లవారి ఆరున్నరలోపు చూడాలి. ఆలస్యమైతే ఆవులు తొక్కేస్తాయి. అడుగు పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు కాబట్టి అదే కొలబద్ద అవుతుంది. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి.

కుక్క అడుగులో గోళ్ల గుర్తులు ఉంటాయి, చిరుత అడుగులో ఉండవు. నక్కది కుక్క అడుగులాగే ఉన్నా సన్నగా, పొడవుగా ఉంటుంది. అలుగు ముందుకాళ్ల వేళ్లు ముడిచి నడుస్తుంది, తోక ఈడ్చిన గీత పడుతుంది. దగ్గర్లో పుట్ట పక్కనుంచి తవ్వి ఉంటే అనుమానం అక్కర్లేదు. నక్క గట్టు మీద ఎత్తుగా ఉన్న రాయి చూసుకుని మలం వదులుతుంది. అందులో రేగు, ఈత గింజలు కనిపిస్తాయి. ఇవి కూడా ఫొటో తీసి రాయండి.

చలికాలం, ఎండాకాలం, వానాకాలం ఒక్కోదానిలో పది రాత్రులు చేస్తే సరిపోతుంది. వానల్లో ఇసుక అక్కర్లేదు, బురదే చెబుతుంది. రోడ్డు మీద చచ్చిపడిన జంతువుల లెక్క వేరుగా ఉంచండి. ఒకే రెండు కిలోమీటర్ల రోడ్డు, రోజూ తెల్లవారుజామున, కనీసం నెల రోజులు. పాములు, కప్పలు, ఉడుములతో సహా రాయండి. అవి ఒకేచోట పదేపదే పడితే తూము పెద్దది చేయమని అడగాల్సిన చోటు అదే.

జాగ్రత్త ఒకటి చెప్పాలి. అలుగు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని జీవి, పొలుసుల కోసం దాన్ని దొంగతనంగా వేటాడుతున్నారు. దాని బొరియ ఉన్న చోటు, నక్షత్ర తాబేళ్లు ఉన్న చోటు వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టకండి. ఊరి పటంలో అర కిలోమీటరు వ్యాసమున్న వలయం మాత్రమే గీయండి. కచ్చితమైన చోటు అటవీ రేంజ్ అధికారికి మాత్రమే రాతపూర్వకంగా ఇవ్వండి. కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే తానే ఫొటో తీసే కెమెరా) పెట్టాలనుకుంటే రిజర్వు ఫారెస్టు లోపల అనుమతి తప్పనిసరి. సొంత తోటలో పెట్టుకున్నా బీటు ఆఫీసరుకు ముందే చెప్పడం మేలు.

రైతులతో కూర్చునేటప్పుడు

ఇక్కడే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. కూతురి పెళ్లికి, ఆసుపత్రి ఖర్చుకు అరెకరం అమ్మాలనుకునే రైతు ఈ పటం చూడగానే "నా భూమి ధర పోగొట్టడానికి వచ్చారు" అనుకుంటాడు. ఆ భయం న్యాయమైనదే. ఊరంతా ఆకుపచ్చ అని ఒక్క రంగు వేస్తే సగం ఊరు ఎదురు తిరుగుతుంది. కాబట్టి భూమిని మూడు రకాలుగా విడదీయండి. ఊరికి ఆనుకుని, రోడ్డు, నీళ్లు ఉన్న మెట్ట ఇళ్లకు. చెరువు కింద పల్లం, కూరగాయల గరువు సాగుకు. గెడ్డ పట్టీ జంతువులకు. ఇళ్లకు చోటు చూపించిన ప్రణాళికకే ఒప్పుకోలు వస్తుంది.

పట్టీలో పడే రైతు దగ్గర మొత్తం పొలం అడగొద్దు. గెడ్డ ఒడ్డు 15 మీటర్లు అంటే, 100 మీటర్ల గట్టుకు 1,500 చదరపు మీటర్లు, సుమారు 37 సెంట్లు. ఆ 37 సెంట్లలో జీడి, మామిడి, వెదురు, తాటి ఉంచుకోవచ్చు, పంట తీసుకోవచ్చు. గోడ కట్టకపోవడం, మట్టి తవ్వకపోవడం మాత్రమే అడగండి. మాటలో చెప్పిన ఒప్పందం భూమి చేతులు మారిన రోజే పోతుంది. రాసుకోండి, సాక్షుల సంతకాలు పెట్టించండి, పంచాయతీలో ఒక ప్రతి ఉంచండి. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది.

డి-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) ఉన్న చోట మరింత ఓపిక కావాలి. ఆ కుటుంబాలకు అదొక్కటే ఆస్తి. వాళ్లు లేని సమావేశంలో వాళ్ల నంబర్ల మీద ఏ గీతా గీయకండి.

తీర్మానం

గ్రామసభ అజెండాలో విషయం ముందుగా చేర్పించాలి. "ఇతర విషయాలు" కింద చివర్లో పెట్టిన తీర్మానాన్ని తర్వాత ఎవరైనా ప్రశ్నించవచ్చు. నమూనా ఇలా ఉండొచ్చు:

"______ గ్రామ పంచాయతీ, తేదీ ______ గ్రామసభ. సర్వే నం. ______ (ఎల్‌పీఎం ______) లోని గెడ్డ పోరంబోకు, సర్వే నం. ______ లోని డొంక, సర్వే నం. ______ లోని చెరువు పూర్తి నీటిమట్టం వరకు యథాతథంగా ఉంచాలని, వీటిలో పూడికకు, రోడ్డుకు, గోడకు పంచాయతీ అనుమతి ఇవ్వరాదని, జతపరిచిన పటంలో చూపిన సాగుభూమిని మాస్టర్ ప్లాన్లో వ్యవసాయ మండలంగానే కొనసాగించాలని సభ ఏకగ్రీవంగా / మెజారిటీతో తీర్మానించింది. హాజరు: ____ మంది. జత: పటం, సర్వే నంబర్ల పట్టిక, జంతువుల జాడల నమోదు."

"ఏకగ్రీవం" నిజమైతేనే రాయండి. ఒక్కరు కాదన్నా మెజారిటీ అని రాస్తేనే కాగితానికి విలువ. ప్రతులు తహసీల్దారుకు, జిల్లా పంచాయతీ అధికారికి, వీఎంఆర్‌డీఏకు (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), అటవీ డివిజన్ కార్యాలయానికి పంపి, అన్నింటికీ అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని ప్రతి ఇవ్వనట్టే లెక్క.

గడువులు

మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలకు సాధారణంగా 30 రోజులే దొరుకుతాయి. ఒక సర్వే నంబరు భూ వినియోగం మార్చే ముసాయిదా గెజిట్‌లో వస్తే ఆ వ్యవధి తరచు 15 రోజులే. ఆ 15 రోజుల్లో పటం గీయడం మొదలుపెడితే కుదరదు, అందుకే పై పనులన్నీ ముందే చేయమంటున్నాం. ఊళ్లో చదువుకునే పిల్లల్లో ఒకరికి వారానికోసారి గెజిట్, వీఎంఆర్‌డీఏ వెబ్‌సైటు, దినపత్రికల ప్రకటనలు చూసే పని అప్పగించండి. అభ్యంతరం ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో కాగితంగా రాయాలి. వందమంది సంతకాలున్న ఒక్క అర్జీకి ఒక్క జవాబే వస్తుంది, ఇరవై అర్జీలకు ఇరవై జవాబులు ఇవ్వాలి.

వ్యవసాయ భూమి మార్పిడికి ఇన్నాళ్లూ 2006 నాటి నాలా చట్టం ఉండేది. 2025లో ప్రభుత్వం దాన్ని తొలగించే దిశగా వెళ్లింది. ఆర్డీవో దగ్గర ఆగే ఒక మెట్టు తగ్గినట్టే. అందువల్ల ఇకపై మాస్టర్ ప్లాన్ రంగు (ఆ భూమి ఏ వినియోగానికో చూపేది), లేఔటు అనుమతి దశ మరింత ముఖ్యం.

భూసేకరణ నోటీసు వస్తే 2013 చట్టం సెక్షన్ 10 గుర్తుంచుకోండి. రెండు, మూడు పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలి. కానీ ల్యాండ్ పూలింగ్ (భూమి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకోవడం) సమ్మతి మీద నడుస్తుంది కాబట్టి ఆ రక్షణ అక్కడ పనిచేయదు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ తేడా ప్రతి ఇంటికీ చెప్పాలి.

గెడ్డ పూడ్చేస్తే, చెట్లు నరికేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లొచ్చు. ఆరు నెలల గడువు నష్టం మొదట జరిగిన రోజు నుంచి లెక్క. అర్జీ తిరస్కరించిన రోజు నుంచి కాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

శాశ్వత హోదా కావాలంటే

వన్యప్రాణి చట్టం సెక్షన్ 36సి కింద ప్రైవేటు, ఉమ్మడి భూముల్ని యజమానులు స్వచ్ఛందంగా ముందుకొస్తే కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. నిర్వహణ కమిటీలో పంచాయతీ పంపే కనీసం ఐదుగురు, అటవీ శాఖ నుంచి ఒకరు; ప్రైవేటు భూమైతే యజమాని, అటవీ శాఖ, పంచాయతీ ప్రతినిధులు. ప్రకటించాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ లేకుండా భూ వినియోగం మారదు. ఇది గట్టి తాళం, కాబట్టి తోటల యజమానులకు దీని బరువు దాచకుండా చెప్పండి.

అంతకన్నా తేలిక జీవవైవిధ్య కమిటీ. 2002 చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఉండాలి, చాలాచోట్ల కాగితం మీదే ఉంది. దాన్ని బతికించి, మీ జాడల పుస్తకాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చేర్పించండి. రిజిస్టరు తనంత తానుగా లేఔటును ఆపలేదు, కానీ కోర్టులో, ట్రిబ్యునల్లో ప్రభుత్వ ముద్ర ఉన్న సాక్ష్యం అవుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, తేలుకుంచిలో వలస పక్షులకు నీడనిచ్చింది ఊరి కట్టుబాటే. కట్టుబాటు ఉన్నచోట కాగితం తేలిగ్గా తయారవుతుంది.

పాడేరు వైపు ఏజెన్సీ ఊళ్లైతే దారి వేరు. అక్కడ గిరిజన భూమి గిరిజనేతరులకు పోకుండా చూసే 1/70 చట్టం ఉంది, అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు ముందుగా అడగాలి.

లేఔటు వచ్చేస్తుంటే

ఆపలేని చోట మార్పించండి. లేఔటులో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. దాన్ని మూలన పనికిరాని ముక్కగా కాకుండా గెడ్డ ఒడ్డునే పొడవుగా పెట్టమని అనుమతి దశలోనే వీఎంఆర్‌డీఏకు రాయండి. రియల్టరుకు దీనివల్ల ప్లాట్లు తగ్గవు, అందుకే ఇది ఒప్పించడానికి వీలైన కోరిక. ప్రహరీకి నేలమట్టంలో 20 మీటర్లకు ఒకటి చొప్పున 30 సెంటీమీటర్ల చదరపు రంధ్రాలు ఉంటే ముళ్లపంది, అలుగు, ఉడుము దాటిపోతాయి. రోడ్డు గెడ్డను దాటేచోట 60 సెంటీమీటర్ల హ్యూమ్ పైపు (గుండ్రటి కాంక్రీటు గొట్టం) వేయనివ్వకండి. అది తొలి వానకే పూడిపోతుంది, చీకటిగా ఉండి జంతువూ దూరదు. పెట్టె ఆకారపు కల్వర్టు, లోపల ఒక పక్క నీళ్లు తగలని అర మీటరు గట్టు అడగండి. దీపాలు కిందికే వెలుగు పడేలా ఉండాలి.

చెత్త సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చెత్త కుప్పకు కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత ఊళ్లోకి వస్తుంది. తర్వాత జనం భయంతో దారి మూసేయమంటారు.

పొలం పొలంగా మిగలాలంటే

ప్రతి సీజన్లో ఈ-పంటలో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదు) నమోదు చేయించండి, జీడి, సరుగుడుతో సహా. రెండేళ్లు నమోదు లేకపోతే "బీడు భూమి" అన్న వాదనకు మీరే ఆధారం ఇచ్చినట్టు. యజమాని నగరంలోనో విదేశంలోనో ఉండి భూమి ఖాళీగా ఉంటే కౌలుకు ఇప్పించండి. 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే కాబట్టి యజమాని హక్కుకు భయం లేదని ఆయనకు ఉత్తరం రాయండి. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు కూరగాయలు వెళ్లే ఊళ్లలో ఉమ్మడి ఆటో ఒకటి కుదిరినా సాగు నిలబడుతుంది.

అడవిపందులకు కరెంటు తీగ పెట్టడం నేరం, మనుషులూ చస్తున్నారు. పంట నష్టం జరిగిన మర్నాడే ఫొటోలతో బీటు ఆఫీసరుకు రాసివ్వండి. వాడని నేలబావుల చుట్టూ నాలుగడుగుల గోడ కట్టండి, వేసవిలో నక్కలు, పునుగుపిల్లులు వాటిలోనే పడి పోతాయి. గెడ్డ ఒడ్డున నీలగిరి, కోనోకార్పస్ నాటొద్దు. కానుగ, నేరేడు, మద్ది, వెదురు, ఈత నాటండి. వానలు మొదలవగానే, మొక్కకు మొక్కకు మూడు మీటర్లు.

ఏటా దీపావళి దాటాక, వానలు తగ్గి గడ్డి ఇంకా కోయకముందు, పటం పట్టుకుని మొత్తం గీత వెంట ఒకసారి నడవండి. ఏ రాయి జరిగింది, ఏ తూము పూడింది, ఏ గట్టు తెగింది ఫొటో తీసి అదే పుస్తకంలో కొత్త పేజీలో రాసి, వారంలోపు పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి ముద్ర వేయించుకోండి.